శనివారం మర్నాడు

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక మహాకావ్యం. ఇందులో కనుచూపు మేర పరుచుకున్న సరస్సు ఉంది, నౌకాయానం ఉంది, రాజాస్థానంలో వాదోపవాదాలున్నాయి, ఒక ఇల్లాలి పేరు పక్కన పరపురుషుడి పేరు గోడకెక్కిన ఘోరం ఉంది. చివర ఆ ఇల్లాలు నిండు సభలో ఒకే ఒక్క మాట పలికితే మగవాళ్లంతా కొయ్యబారిపోయిన ఘట్టం కూడా ఉంది. పద్యం చేతనైనవాడి చేతిలో పడి ఉంటే ఎనిమిది ఆశ్వాసాలకి తక్కువ కాకుండా తేలేది. కాని నిజం చెప్పేస్తాను. సరస్సు మా కొల్లేరు, ఆ వేసవిలో మోకాలు దాటని లోతు. నౌక తాటిదోనె. రాజాస్థానం ఏలూరు తాలూకాఫీసు వరండా. ఆ ఇల్లాలు మా మేనత్త. ఇంత యుద్ధమూ ఓటర్ల జాబితాలో ఒక పేరు కోసం.

జ్ఞాపకాలు రాయాలంటే కనీసం చెవుల దగ్గరైనా నెరిసి ఉండాలంటారు. నాకింకా ముప్పై నిండలేదు, పళ్లన్నీ ఉన్నాయి, కాబట్టి ఈ పని నాకు తగదని మీకు అనుమానం రావచ్చు. వస్తే మంచిదే. ఇది అనుమానాల కథ. మొన్న మా తాడేపల్లిగూడెం ఇంటికి ఓటర్ల పేర్లు రాసుకునే కుర్రాడొచ్చాడు. నేను పెరట్లో అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాను. గుమ్మంలో "మీవారి పేరేంటండీ?" అని వాడడగడం వినబడింది. ఆ వెంటనే మా ఆవిడ నా పేరు ఇంటిపేరుతో సహా, మిల్లు దగ్గర బస్తా దింపినట్టు దభీమని పడెయ్యడమూ వినబడింది. గారూ లేదు, గీరూ లేదు. నా చెంప తెగింది. మా ఆవిడ మీద కోపంతో కాదు, మా అత్తయ్య గుర్తుకొచ్చి. ఈ మాత్రం మాట చెప్పడానికి ఆవిడ దోనెక్కి, బస్సెక్కి ఏలూరు దాకా వెళ్లాల్సి వచ్చింది.

అప్పుడు నేను ఏలూరులో ఇంటర్మీడియట్ తప్పి ఉన్నాను. ఊరికే తిరుగుతున్నానని మా నాన్న నన్ను కొల్లేటి ఒడ్డున ఉన్న మేనత్త ఊరికి తోలేశాడు, మావయ్య కొట్లో లెక్కలు రాయమని. నేను తప్పింది లెక్కల్లోనేనన్న సంగతి మావయ్యకి చెప్పలేదు. ఆ కొట్టు లంకల్లో ఉండే బెస్తవాళ్లకి బజారూ బ్యాంకూ రెండూను. ఉప్పు, బెల్లం, కిరసనాయిలు, చుట్టలు, వలలకి కావలసిన నూలు దారం, ఆ దారానికి పట్టించే తుమ్మబెరడు, అన్నీ ఒకే గదిలో ఉండేవి. అందుచేత మా అత్తయ్య చేసిన పాయసంలో కూడా ఒక పక్క బెల్లమూ ఇంకో పక్క కిరసనాయిలూ తగిలేవి. తెల్లారేసరికి కొల్లేటి మీంచి నాచు వాసన వచ్చేది, మధ్యాహ్నానికి ఎండుచేపల వాసన దానిమీదకెక్కి కూచునేది. మా ఇంట్లో చేప వండరు. కాని చేప వాసన లేకుండా భోంచేసిన రోజు నాకు గుర్తులేదు.

మావయ్య మంచివాడే. ఆ మంచితనం మీద కూడా ఆయనకి అనుమానమే. పాలేరు పితికి తెచ్చిన పాలలో వేలు ముంచి గోరు మీద బొట్టు నిలబెట్టి చూసేవాడు. అగ్గిపెట్టె చెవి దగ్గర ఆడించి పుల్లలు తక్కువున్నాయేమోనని వినేవాడు. రాత్రి తాళం వేశాక ఒకసారి లాగి, మంచమెక్కి, దిగి, మళ్లీ వెళ్లి లాగేవాడు. గేదె రెండు రోజులు పాలు తక్కువిస్తే దాని ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆయన పడుకునే మంచానికీ కొట్టుకీ మధ్య వంటిల్లు ఉండేది. అత్తయ్య నూనె జాడీ మీద మూత తీసిందంటే చాలు, కాటా దగ్గర్నుంచి "ఎందుకే?" అని వినబడేది. ఆవిడ జవాబు చెప్పేది కాదు. మూత పెట్టేసిన చప్పుడే జవాబు.

ఆయన పేరు ఆదినారాయణ. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని ఆ రోజుల్లో ఆడవాళ్లకి గట్టి నమ్మకం. ఊళ్లో కూలీలూ పాలేర్లూ రోజుకి పదిసార్లు అరిస్తే తరగని ఆయుష్షు పెళ్లాం ఒక్కసారి పలికితే ఎలా తరుగుతుందో నేనడిగాను. "నోర్ముయ్యరా వెధవా" అంది అత్తయ్య. అదొక్కటే నాకు దొరికిన శాస్త్ర ప్రమాణం. ఆవిడ ఇంకో అడుగు ముందుకేసి, ఆ పేరు తగిలే మాటలు కూడా మానేసింది. వారంలో ఒక రోజుని పూర్తిగా వదులుకుంది. మా ఊరి సంత ఆదివారం. ఆవిడకి మాత్రం అది 'శనివారం మర్నాడు'. "శనివారం మర్నాడు సంతలో గుమ్మడికాయ తేరా." "మొన్న శనివారం మర్నాడు కాదూ, పిల్లి పాలు తాగేసింది?" కొట్టుకొచ్చే బెస్తవాళ్లకి కూడా ఆ లెక్క అలవాటైపోయింది. మా ఊళ్లో వారానికి ఆరు వారాలూ ఒక మర్నాడూ ఉండేవి.

అలాంటి ఊరికి ఏలూరు నుంచి ఒక గుమస్తా సైకిలు తోసుకుంటూ ఓటర్ల పేర్లు రాయడానికొచ్చాడు. అదివరకు రాసిన జాబితాల్లో చాలామంది ఆడవాళ్లు 'ఫలానావాడి భార్య', 'ఫలానావాడి తల్లి' అని మాత్రమే ఉన్నారట. అలా ఉంటే కొట్టేస్తారట. ఈసారి ఎవరి పేరు వాళ్లే చెప్పాలి, భర్త పేరూ చెప్పాలి అని పైనుంచి ఆర్డరు. ఊరు ఆ ఆర్డరుని నమ్మలేదు. పేర్లు రాసుకునేవాడు మంచికి రాడు. కొందరు వల ఒక్కింటికి పన్ను వేస్తారని ఇంట్లో మగవాళ్ల సంఖ్య తగ్గించారు. కొందరు పంచదార కోటా పెంచుతారని పోయిన తాతని కూడా చెప్పారు. ఒకావిడ గుమస్తా వస్తున్నాడని తెలిసి ఇద్దరు కొడుకుల్ని మిలటరీకి పట్టుకుపోతారేమోనని జమ్ముగడ్డిలోకి పంపేసింది. వాళ్లు సాయంత్రానికి జలగలతో తిరిగొచ్చారు.

మావయ్య అనుమానం వేరు. అమ్మకం పన్నువాళ్లే వేషం మార్చి వచ్చారని ఆయన తేల్చేశాడు. సైకిలు గంట వినబడగానే కాటా పళ్లేలు విప్పి గోనె కింద దాచి, నా రెక్క పుచ్చుకుని వెనక సామాన్ల గదిలోకి లాక్కుపోయి ఉప్పు బస్తాల చాటున కూచోబెట్టాడు. నేను నోరు తెరవబోతే అరచేత్తో మూశాడు. ఆ అరచెయ్యి ఇంగువ వాసన. అందుచేత ఆ తర్వాత జరిగినదంతా నేను ఇంగువలోంచి విన్నాను.

"ఎవరండీ ఇంట్లో?"

"నేనే బాబూ. వారు లేరు." అది అబద్ధం కాదు. ఆవిడ చూస్తున్న వైపున లేరు.

"మీ పేరు చెప్పండమ్మా."

"మాణిక్యాంబ" అంది. నాకు ఇరవయ్యేళ్లొచ్చాయి, అత్తయ్యకి పేరుందని ఆ రోజే తెలిసింది. వదినా, అత్తా, ఏమే, ఇదిగో అని తప్ప ఆవిణ్ని ఎవరూ పిలవగా నేను వినలేదు. బస్తాల చాటున మావయ్య కూడా కొద్దిగా ఉలిక్కిపడ్డట్టే అనిపించింది.

"ఇరవయ్యొకటి నిండాయాండీ?"

"మా పెద్ద ఉప్పెన నాటికి పెళ్లయింది బాబూ."

"నిండాయి. మీవారి పేరండీ?"

"చెప్పకూడదు బాబూ."

"చెప్పకపోతే మీ పేరు రాయడానికి లేదమ్మా. రూలు అలా ఉంది."

"వారం పేరు."

"ఏ వారమండీ?"

"మొదటిదే."

"అర్థమైందమ్మా" అన్నాడు గుమస్తా. కలం కదిలిన చప్పుడైంది. అర్థమైందని అంత తొందరగా అన్నవాణ్ని చూస్తే నాకిప్పటికీ భయం. ఆ తర్వాత అత్తయ్య, ఓటెలా వేస్తారు బాబూ అని అడిగింది. గుడ్డ కట్టిన మూలలో పెట్టెలుంటాయని, ఒక్కో పెట్టె మీద ఒక్కో బొమ్మ ఉంటుందని, చీటీ ఇష్టమైన పెట్టెలో వెయ్యాలని వాడు చెప్పాడు. లోపలికి ఒక్కరే వెళ్లాలి. ఎవ్వరూ తొంగి చూడకూడదు.

"మొగుడైనానా?" అంది అత్తయ్య.

"జిల్లా కలెక్టరైనా సరేనండీ."

నా నోటిమీది చెయ్యి బిగిసింది.

కొన్నాళ్లకి చావడి గోడకి జాబితా అంటించారు. తప్పులుంటే చెప్పుకోండి, గడువు ఫలానా వరకు అని కింద రాశారు. ఊళ్లో గడగడా చదవగలిగినవాణ్ని నేనొక్కణ్నే ఖాళీగా ఉన్నాను కనక నిలబడి పైకి చదివాను. చదువుతూ చదువుతూ, ముందు చూసుకోకుండా, "మాణిక్యాంబ, భర్త సోమయ్య" అనేశాను.

సోమయ్య మా కొట్టు సరుకులు దోనె మీద తెచ్చే బెస్త. ఆ గుమస్తా ఇంగ్లీషు బడిలో చదువుకున్నవాడు. వాళ్లకి వారం సోమవారంతో మొదలవుతుంది, బడి ఆ రోజే తెరుస్తారు కనక. పేరులోనే 'ఆది' అని పెట్టుకున్న వారాన్ని వదిలేసి వాడు రెండోదాన్ని పట్టుకున్నాడు. చావడి అరుగుమీద అందరూ మెల్లిగా సోమయ్య వైపు తిరిగారు. వాడు ఎదురుగా రేవులో కూచుని దోనె చీలికలో పీచు కూరుకుంటున్నాడు.

"నాకేం తెలవదండి బాబోయ్!" అని లేచి నిలబడ్డాడు. అది ఇంకా తప్పయింది. తెలియనివాడు లేచి నిలబడడు.

వాడి పెళ్లాం నూకాలు మధ్యాహ్నానికల్లా కొట్టు ముందు నిలబడింది. "ఏవమ్మా, ఒక పెళ్లానికే గంజి పొయ్యడం రాదు మావోడికి. తవరికేం పెడతాడనమ్మా రాయించుకున్నారు?" అని నవ్వింది. అత్తయ్య కూడా నవ్వింది. మావయ్య నవ్వలేదు. ఆయన కేకలు వేసే మనిషి కాదు, అదే అసలు ఇబ్బంది. కేకలు అయిపోతాయి. ఆయన కొట్టు తలుపు సగం మూసి నన్ను దగ్గరికి పిలిచాడు.

"సోమయ్య వారానికెన్నిసార్లొస్తాడ్రా?"

"కిరసనాయిలుకొస్తాడండీ, రోజు విడిచి రోజు."

"అంత కిరసనాయిలు ఏం చేస్తాడు?"

"దీపం పెట్టుకుంటాడండీ."

"దీపం పెట్టుకుని ఏం చేస్తాడు?"

మావయ్యకి తన పెళ్లాం మీద అనుమానం ఉందని నేననను. గుమస్తా మీద ఉంది, గవర్నమెంటు మీద ఉంది, గోడ మీద ఉంది. అన్నిటికంటే ఎక్కువగా ఓటు పెట్టెల ముందు కట్టే ఆ గుడ్డ మీద ఉంది. అది ఆ రాత్రి భోజనాల దగ్గర బయటపడింది. తప్పు దిద్దించడం అనవసరమన్నాడు. అసలు పేరే తీయించేస్తే తప్పూ ఉండదు, దిద్దడమూ ఉండదు. "ఆడవాళ్లకి ఓటెందుకే? నేను వేసేదే నువ్వూ వేస్తావు. రెండుసార్లు వెయ్యడం దండగ."

అత్తయ్య మజ్జిగ పోస్తూ పోస్తూ ఆగి, "దిద్దించండి" అంది. ఆ ఇంట్లో ఆవిడ నోటి నుంచి అలాంటి మాట నేను వినలేదు. మావయ్య చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

ఆవిడకి రాజకీయాలు పట్టేవా అంటే లేదు. ఎవరు నిలబడుతున్నారో కూడా తెలియదు. మర్నాడు గిన్నెలు తోముతుంటే అడిగాను, ఎందుకత్తయ్యా ఇంత పట్టుదల అని. చెంబు బోర్లించి చెప్పింది. "మూత తీస్తే ఎందుకే, మూత పెడితే ఎందుకే. పెళ్లయి ఇన్నేళ్లయిందిరా, నేను చేసిన పని మీ మావయ్య చూడకుండా ఒక్కటి లేదు. ఒక్కసారి ఆ గుడ్డ చాటుకెళ్లి, ఎవరికీ తెలియకుండా ఒక పని చేసి బయటికి రావాలనుంది." నాకు ఏదో ఒకటి వెటకారంగా అనాలనిపించింది. ఏమీ తోచలేదు. నా జీవితంలో అలాంటి సందర్భాలు తక్కువ.

ఏలూరుకి ఇద్దరూ బయల్దేరారు. ఆవిడ దిద్దించడానికి, ఆయన తీయించడానికి. మధ్యలో నేను, కాగితం రాయడానికి. రోడ్డు దాకా దోనె కావాలి, సోమయ్య దోనె తప్ప ఆ పూట వేరేది దొరకలేదు. సంగతి తెలిసి నూకాలు కూడా ఎక్కి కూచుంది. "నేనూ వస్తానండి, లెక్క సరిపోవాల" అంది. జాబితా ప్రకారం చూస్తే ఆ తాటిదోనెలో ఒక మొగుడూ, ఇద్దరు పెళ్లాలూ, సంబంధం లేని ఒక షావుకారూ ఉన్నారు. గూడబాతులు మమ్మల్ని చూసి పక్కకి తప్పుకున్నాయి. మావయ్య దారి పొడుగునా సోమయ్య వీపుని చూస్తూ కూచున్నాడు. సోమయ్య పాపం ఎప్పుడూ అంత బాగా గడ వెయ్యలేదు. రోడ్డు దగ్గర మొగుడూ పెళ్లాం ఇద్దరూ మాతోపాటే బస్సు కూడా ఎక్కారు.

తాలూకాఫీసులో ఆఫీసరుగారు నశ్యం డబ్బా పక్కన పెట్టుకుని, వేసవికి లొంగిపోయిన మనిషిలా ఉన్నారు. మావయ్య ముందుగా వెళ్లి నమస్కారం పెట్టి, "ఈ పేరు తీసెయ్యాలండీ" అన్నాడు.

"ఎందుకండీ? ఆవిడకి ఇరవయ్యొకటి లేవా?"

"ఉన్నాయండీ."

"ఆ ఊళ్లో కాపురం లేరా?"

"మా ఇంట్లోనేనండీ."

"ఇంకోచోట పేరుందా?"

"లేదండీ."

"మరింకెందుకు తీస్తామండీ? మతి స్థిమితం లేకపోతే తియ్యాలి."

ఆయన రూలు వరస చెప్పాడంతే. మావయ్య ఆ చివరిదాన్ని తాడు దొరికినట్టు పట్టుకున్నాడు. "అదేనండీ. కొద్దిగా అదే."

"ఆ సంగతి కోర్టు తేల్చాలండీ, మొగుడు తేలిస్తే చాలదు" అని ఆఫీసరుగారు నశ్యం పట్టు తీశారు. కాని మాట జారిపోయింది. నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ నేల చూపులు చూడటం లేదు. మావయ్యని చూస్తోంది, ఆయన పాలలో వేలు ముంచి చూసేటప్పటి చూపుతో.

"మీరు రండమ్మా. తప్పేమిటి?"

"భర్త పేరు తప్పు పడిందండీ."

"అసలు పేరేమిటి?"

నేను చెప్పబోయాను. "మీరు కాదు, దరఖాస్తు ఆవిడది. ఆవిణ్నే చెప్పనివ్వండి" అన్నారు ఆఫీసరుగారు. గోడమీద క్యాలెండరు వేలాడుతోంది. అత్తయ్య దానివైపు చూసింది. ఎర్రంకెల వరస మీద వేలు పెడితే పని అయిపోతుంది, ఆచారమూ నిలుస్తుంది. పెట్టబోతోందనే అనుకున్నాను. నూకాలు గుమ్మంలోంచి "చెప్పండమ్మా, పోయేదేం లేదు. నేను మావోణ్ని తిట్టేటప్పుడు పేరెట్టే తిడతాను, గుండ్రాయిలా ఉన్నాడు" అంది.

అత్తయ్య చెయ్యి దించేసింది. కొంగు సర్దుకుంది.

"ఆదినారాయణ."

గారు లేదు. గట్టిగానూ కాదు, మెల్లిగానూ కాదు. కొట్లో సరుకు పేరు చెప్పినట్టు.

"ఆఁ!" అన్నాడు మావయ్య, అటెండెన్సు పిలిస్తే పలికిన కుర్రాడిలా. పలికాక గాని ఎవరు పిలిచారో ఆయనకి తెలియలేదు. తెలిశాక అలాగే నిలబడిపోయాడు. ఆఫీసరుగారు కళ్లద్దాల మీంచి చూసి, "పలికారు కనక మీరేనన్నమాట" అని రాసుకున్నారు. సోమయ్య మా అందరికంటే పెద్ద నిట్టూర్పు విడిచాడు.

తిరుగు ప్రయాణంలో మావయ్య చాటుగా తన మణికట్టు పట్టుకుని నాడి చూసుకున్నాడు. ఆ నెలంతా తుమ్మొచ్చినా, ఎక్కిళ్లొచ్చినా అత్తయ్య వైపు అదోలా చూసేవాడు. కషాయాలు తాగాడు. ఏమీ కాలేదు. ఇప్పటికీ ఆయన నాకంటే బాగా అరిగించుకుంటాడు. అత్తయ్య మాత్రం మారింది. ఒక రోజు ఉట్టిమీంచి వెన్న దింపుతూ, "ఆదివారం సంతకి వెళ్తే నాలుగు నిమ్మకాయలు తేరా" అంది. ఏమీ జరగనట్టు. నాకు ఒక క్షణం ఏ రోజో తోచలేదు.

ఓటు రోజున ఆవిడ గుడ్డ చాటుకి వెళ్లింది. చీటీ పెట్టెలో వెయ్యడానికి ఎంత సేపు పడుతుందో నాకు తెలియదు. ఆవిడకి మాత్రం బయట వరసలో ఉన్నవాళ్లు సణుక్కునేంత పట్టింది. మావయ్య ఎండలో నిలబడి ఆ గుడ్డ అంచు కింద కనబడే ఆవిడ పాదాల్నే చూస్తున్నాడు. పాదాలు ఎటు తిరుగుతాయో చూస్తే పెట్టె తెలుస్తుందని ఆయన ఊహ. పాదాలు కదల్లేదు. ఊరికే నిలబడి ఉన్నాయి. బయటికొచ్చాక, "దేంట్లో వేశావే?" అన్నాడు.

"పెట్టెలోనేనండీ" అంది.

ఆ ప్రశ్న ఆయన ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు. అన్నం కలుపుకుంటూ, ఏ సంబంధమూ లేకుండా. ఆవిడ ఇప్పటికీ ఆ జవాబే చెబుతుంది. నాకు ఇరవయ్యొకటి నిండీ నిండగానే మావయ్య నా పేరు కూడా ఆ ఊరి జాబితాలో ఎక్కించాడు. వచ్చే ఎన్నికల్లో ఆవిడ వెనకే నిలబడి కనిపెట్టమని. లోపలికి ఒక్కర్నే పంపుతారన్న సంగతి ఆయనకి తెలుసు, కాని నమ్మలేదు.

అప్పటికీ ఇప్పటికీ ఎంత తేడా అని రాసి ఇక్కడ కళ్లొత్తుకోవాలి. ఇప్పటి ఆడవాళ్లు మొగుడి పేరు గుమ్మంలో నిలబడి చెప్పేస్తారు. అది స్వేచ్ఛో, లేక మా ఆవిడకి నా ఆయుష్షు మీద ఆశ లేకో, నాకు ఇంకా అనుమానంగానే ఉంది. తెగిన చెంప పట్టుకుని నేను వాకిట్లోకి వెళ్లేసరికి ఆ కుర్రాడు పుస్తకం మూసేస్తున్నాడు. మా ఆవిడ పేరు రాసుకున్నాడు, నాది రాసుకోలేదు. నా పేరు కొల్లేటి ఒడ్డున ఉందని ఆవిడే చెప్పిందట.

"రెండుచోట్ల ఉండకూడదండీ. అక్కడ తీయించుకుని, ఇక్కడ తాలూకాఫీసులో మీరే వెళ్లి దరఖాస్తు పెట్టుకోండి" అన్నాడు, నన్ను నఖశిఖ పర్యంతం అనుమానంగా చూస్తూ.

ఫారం ఊరికే ఇస్తారట. పదకొండు గంటలకి తలుపు తీస్తారు. ఆదివారం సెలవు.